అమెరికా క్లయింట్లు, మంచి పర్ఫార్మెన్స్ ఉన్న టీమ్: ఫ్లెక్సిబుల్ టైమింగ్స్ ఎట్ల కట్టాలె? (వరంగల్)

#1 | మడికొండ_లీడ్

అందరికీ నమస్కారం. మడికొండ ఐటీ పార్కులో 60 మందికి పైగా ఉన్న కంపెనీ మాది. సగం మంది ప్రొడక్ట్ డెవలప్‌మెంట్, సగం మంది అమెరికా క్లయింట్లకు సపోర్ట్. రిలీజులు టైముకు పోతున్నయి, క్లయింట్లు రెన్యువల్ చేస్తున్నరు. బయటి నుంచి చూస్తే వంక పెట్టడానికి లేదు. లోపల మాత్రం పొద్దున తొమ్మిదిన్నరకు పంచింగ్, సాయంత్రం ఆరున్నరకు క్లయింట్ కాల్, రాత్రి పదకొండు దాకా చాట్‌లో మెసేజ్‌లు. బాగా పనిచేసేవాళ్ల మీదనే ఎక్కువ పడుతున్నది.

ఫ్లెక్సిబుల్ టైమింగ్స్, హైబ్రిడ్ (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు) పాలసీ రాసివ్వమని మేనేజ్‌మెంట్ అడిగింది. "ఎప్పుడైనా రండి, పని అయితే చాలు" అని ఒక్క లైన్ రాస్తే నడవదు. వేళలు ఎట్ల కట్టాలె, ఆన్‌కాల్ (ఆఫీసు వేళలు కాకున్నా ఫోన్ వస్తే పలికే డ్యూటీ) ఎట్ల పంచాలె, ఇంటి నుంచి పనికి కరెంటు, నెట్ సంగతి ఏం చూడాలె, చట్టం ఏమంటది? తెలిసినవాళ్లు వివరంగ చెప్పండి.

#2 | నయీంనగర్_హెచ్ఆర్

లీడ్ గారూ, ఏది కదపొచ్చో రాసేముందు ఏది కదపకూడదో రాయండి. చాలా పాలసీలు ఆ పేజీ లేకనే మూడు నెలల్లో మూలకు పడతాయి. మీ టీమ్‌లో కదలనివి నాలుగే ఉంటాయి: క్లయింట్ కాల్, రిలీజ్ రోజు, సపోర్ట్ టికెట్‌కు జవాబివ్వాల్సిన గడువు, టీమ్ అంతా కలిసి ఉండాల్సిన మూడు గంటలు. మిగతావన్నీ మనిషి సౌకర్యానికి వదలొచ్చు.

ఇప్పుడు లెక్క. న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మనకు వాళ్ల ఎండాకాలంలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. చికాగో అయితే 7:30, 8:30. కాలిఫోర్నియా అయితే రాత్రి 9:30, 10:30. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చిన మనిషినే ఈ కాల్‌లోనూ కూర్చోబెడితే రోజు దాదాపు పది గంటలు అవుతుంది, కాలిఫోర్నియా అయితే పన్నెండు దాటుతుంది. అక్కడ ఫ్లెక్సిబిలిటీ అనే మాటకు అర్థం లేదు.

రెండు బ్యాచ్‌లుగా కట్టండి. ఒకటి 8:00 నుంచి 5:00, ఇంకొకటి మధ్యాహ్నం 12:30 నుంచి రాత్రి 9:30. ఇద్దరూ కలిసి ఉండేది 1:30 నుంచి 4:30. స్టాండప్ (రోజువారీ చిన్న మీటింగ్), డిజైన్ చర్చ, రివ్యూలు, ఇంటర్వ్యూలు అన్నీ ఆ మూడు గంటల్లోనే. ముందు బ్యాచ్ వాళ్లను 5 తర్వాత, తర్వాతి బ్యాచ్ వాళ్లను 12:30కు ముందు ఏ మీటింగ్‌కూ పిలవకూడదు. ఈ వాక్యం పాలసీలో ఉండాలి, డైరెక్టర్‌కూ వర్తించాలి. తర్వాతి బ్యాచ్ మనిషిని పొద్దున పదింటికి "రెండు నిమిషాలు" అని పిలవడం మొదలైతే ఆ మనిషి పది నుంచి తొమ్మిదిన్నర వరకు డ్యూటీలో ఉన్నట్టే. క్యాలెండర్‌లో ఎవరి పని వేళలు వాళ్లు పెట్టుకుని, బయటి వేళల్లో వచ్చే మీటింగ్ దానంతటదే తిరస్కరణకు వెళ్లేలా సెట్ చేయండి. మొహమాటం మనిషి మీద పడకుండా ఉంటుంది.

బ్యాచ్ వారం వారం మార్చొద్దు, నిద్ర కుదురుకోదు. కనీసం నెల ఉంచండి. ఒకే బ్యాచ్ కావాలని కోరుకునేవాళ్లను అక్కడే ఉండనివ్వండి.

అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు జరుగుతుంది. బ్రిటన్ క్లయింట్లు కూడా ఉంటే వాళ్లది మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. మధ్యలో వచ్చే వారాల్లో రెండు దేశాల కాల్స్ ఒకదాని మీద ఒకటి పడతాయి. రోస్టర్‌లో ఆ తేదీలు ముందే ఎర్రగా గుర్తు పెట్టుకోండి.

#3 | కాజీపేట_ఆన్‌కాల్

అక్క చెప్పింది పగటి సంగతి. మనిషి పాడయ్యేది రాత్రి ఆన్‌కాల్‌తోనే. దీని మీద కొంచెం ఎక్కువ రాస్త.

ముందు మందిని లెక్కపెట్టుకోండి. వారానికి ఒక్కరు ప్రైమరీ (ముందు ఫోన్ ఎత్తేటోళ్లు), ఒక్కరు సెకండరీ (వాళ్లు ఎత్తకపోతే). నలుగురే ఉంటే ప్రతి మనిషికి నెలకు రెండు వారాలు ఫోన్ చేతిలనే ఉంటది. అది ఎక్కువ రోజులు నడవదు. ఒకే ఊర్ల ఉన్న టీమ్‌కు కనీసం ఎనిమిది మంది కావాలని గూగుల్ ఎస్ఆర్ఈ (సర్వీసులు ఆగకుండ చూసే ఇంజినీర్ల) పద్ధతి చెప్తది. 12 గంటల షిఫ్టుకు రెండు ఇన్సిడెంట్లు దాటొద్దని కూడా వాళ్ల హద్దు. ఎనిమిది మంది దొరకకపోతే రెండు సర్వీసుల టీమ్‌లను కలిపి ఒక రోస్టర్ చెయ్యండి. రన్‌బుక్ (సమస్య వస్తే ఏం చెయ్యాల్నో రాసిపెట్టిన నోట్) మంచిగ ఉంటే పక్క టీమ్ మనిషి మొదటి పదిహేను నిమిషాలు చూడగలుగుతడు.

డ్యూటీ మారేది సోమవారం పొద్దున పెట్టొద్దు. ఆదివారం రాత్రి జరిగింది చెప్పేటోడు నిద్రల ఉంటడు, వినేటోడు మెయిల్స్‌ల ఉంటడు. బుధవారం మధ్యాహ్నం రెండింటికి పెట్టండి, ఇద్దరూ ఆఫీసుల ఉంటరు. అరగంట మాట్లాడుకుంటరు.

రాత్రి లేచినోనికి పగలు తిరిగియ్యాలె. రాత్రి 12 నుంచి 5 మధ్యల ఫోన్ మోగి, అరగంట దాటి పని చేసిండంటే తెల్లారి మధ్యాహ్నం దాకా సెలవు. అడగాల్సిన పని ఉండొద్దు. మేనేజర్ ఒప్పుకోవాల్నని పెడితే మంచి పనోళ్లు అస్సలు అడగరు, తొమ్మిదింటికే వచ్చి కూసుంటరు. అలర్ట్ టూల్‌ల ఎత్తిన టైమ్ ఉంటది కదా, దాని నుంచే సెలవు పడేటట్టు చెయ్యండి.

ఇంకోటి అలర్ట్‌ల చెత్త. ప్రతి అలర్ట్‌కు "ఇది వస్తే నేను ఏం చెయ్యాలె" అన్న జవాబు ఉండాలె. లేకపోతే అది అలర్ట్ కాదు. డిస్క్ 80 శాతం నిండింది అని రాత్రి రెండింటికి ఫోన్ మోగుడు ఎందుకు? అది పొద్దున టికెట్‌గ రావాలె. దానంతటదే సర్దుకునేటియి, మూడు నిమిషాలు ఆగి చూసి అప్పటికీ పోకపోతెనే మోగాలె. నెలకోసారి అలర్ట్ లిస్టు ముందట పెట్టుకోండి. ఎక్కువ సార్లు మోగిన మొదటి ఐదింటిని ఆ నెలల సరిచెయ్యకపోతే రోస్టర్ ఎంత మంచిగ రాసినా మనిషికి నిద్ర ఉండదు.

#4 | కరీంనగర్_కోడ్

> బాగా పనిచేసేవాళ్ల మీదనే ఎక్కువ పడుతున్నది.

అన్నా, మీ పోస్టులో అసలు జబ్బు ఈ వాక్యంలోనే ఉంది. వేళలు మార్చినంత మాత్రాన ఇది పోదు. పేమెంట్ మాడ్యూల్ ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరు ఏ బ్యాచ్‌లో ఉన్నా, సెలవులో ఉన్నా ఫోన్ వాళ్లకే వెళ్తుంది. మంచి కంపెనీల్లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే తెలిసినవాళ్లను అడిగితే పని త్వరగా అవుతుంది. ప్రతిసారీ అట్లా చేస్తూ పోతే రెండో మనిషి తయారుకాడు.

ఒక షీట్ తీయండి. అడ్డంగా మనుషులు, నిలువుగా మాడ్యూళ్లు. గడిలో 0 అంటే తెలియదు, 1 అంటే రన్‌బుక్ చూసి చేయగలరు, 2 అంటే ఒంటరిగా సరిచేయగలరు, 3 అంటే ఇంకొకరికి నేర్పగలరు. ఏ వరుసలోనైనా 2 లేదా 3 ఉన్నవాళ్లు ఒక్కరే ఉంటే ఆ మాడ్యూల్‌కు ఫ్లెక్సిబిలిటీ ఇవ్వడం ఇంకా కుదరదన్నమాట. ఆ మాడ్యూల్‌లో వచ్చే తర్వాతి రెండు టికెట్లు రెండో మనిషి చేయాలి, తెలిసినవాళ్లు పక్కన కూర్చుని రివ్యూ మాత్రమే చేయాలి. మొదట్లో టైమ్ రెట్టింపు పడుతుంది. ఆ ఆలస్యాన్ని స్ప్రింట్ ప్లాన్‌లో (కొద్ది వారాల పని ప్రణాళికలో) ముందే కట్టకపోతే రెండో రోజే "నువ్వే చేసెయ్" అంటారు.

#5 | మడికొండ_లీడ్

కోడ్ తమ్మీ, షీట్ మంచి ఆలోచన. రెండు బ్యాచ్‌లు పెడితే హ్యాండోవర్ నోట్ రాయాల్సి వస్తది కదా, అక్కడనే భయం. "పని నడుస్తున్నది" అని రాసి పోతరు. ఎట్లుండాలె అది?

#6 | కరీంనగర్_కోడ్

ఐదు లైన్లు చాలు: ఏం అయింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, తర్వాతి అడుగు ఏమిటి, ఏం ముట్టుకోకూడదు. నమూనా ఇదిగో:

> అయింది: రీఫండ్ రెండుసార్లు పడుతున్న బగ్ దొరికింది. టైమవుట్ తర్వాత రీట్రై పాత రిక్వెస్ట్ నంబర్ వాడట్లేదు.
> ఆగింది: సరిచేసిన కోడ్ బ్రాంచ్‌లో ఉంది. యూనిట్ టెస్టులు పాసయ్యాయి, స్టేజింగ్ (రిలీజ్ ముందు పరీక్షించే సర్వర్)లో నడపలేదు.
> ఎందుకు: స్టేజింగ్ డేటాబేస్ రీఫ్రెష్ అవుతోంది, 6:15కు అయిపోతుంది.
> తర్వాత: 6:15 తర్వాత స్టేజింగ్‌లో మూడు రీఫండ్లు వేసి చూడండి. ప్రతి రీఫండ్ ఒక్కసారే పడితే క్లయింట్ కాల్‌లో "రేపు రిలీజ్" అని చెప్పొచ్చు.
> ముట్టుకోవద్దు: రీట్రై సంఖ్యను తగ్గించొద్దు, వేరే క్లయింట్ దాని మీద ఆధారపడి ఉన్నారు.

చివరి లైన్ ఎవరూ రాయరు, కానీ రాత్రి పూట ప్రమాదాలన్నీ అక్కడి నుంచే వస్తాయి. నోట్ టికెట్‌లోనే ఉండాలి, చాట్‌లో కాదు. చాట్‌లో రాస్తే రెండు రోజులకు పైకి వెళ్లిపోతుంది, మళ్లీ ఆ మనిషికే ఫోన్. వెళ్లే ముందు పది నిమిషాలు దీనికి పని వేళల్లోనే కేటాయించండి. 5:00కు షిఫ్టు అయిపోతే 4:50 తర్వాత కొత్త పని ఇవ్వకూడదు.

#7 | సుబేదారి_లా

చట్టం వైపు నుంచి.

తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పనికి అనుమతి ఇచ్చింది. దుకాణాలకు ఇది వర్తించదు. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. ఆరు గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం ఇవ్వాలి, విరామంతో కలిపి రోజు 12 గంటలు దాటకూడదు, 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ చెల్లించాలి, ఆ ఓవర్‌టైమ్ మూడు నెలలకు 144 గంటలు మించకూడదు. వారానికి నాలుగు రోజులు, రోజుకు 10 గంటలు అనే పద్ధతి దీనిలో ఇముడుతుంది. మీరు రాసిన పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి పదకొండు దాకా అనేది ఇమడదు.

ఐటీ సంస్థలకు షాప్స్ (దుకాణాలు, సంస్థల) చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి షరతులతో మినహాయింపులు ఇస్తూ వచ్చారు. మినహాయింపు ఉందంటే హద్దులేమీ లేవని అర్థం కాదు. మీ సంస్థకు వర్తించే జీవో, దానిలోని షరతులు కంప్లయన్స్ చూసేవాళ్లతో చదివించుకుని ఆ తర్వాతే వేళలు ప్రకటించండి.

మీ యూనిట్ ఎస్ఈజెడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కిందకు వస్తే ఇంకో మెట్టు ఉంది. ఎస్ఈజెడ్ రూల్స్ 2006లో 2022 జులైలో 43ఏ అనే నిబంధన చేర్చి ఇంటి నుంచి పనికి దారి ఇచ్చారు. మొదట సగం మంది ఉద్యోగులకు అన్నారు, అదే ఏడాది డిసెంబరులో ఇంకా సడలించారు. డెవలప్‌మెంట్ కమిషనర్‌కు సమాచారం ఇవ్వడం, ఇంటికి వెళ్లే లాప్‌టాప్‌ల లెక్క ఉంచడం యూనిట్ బాధ్యత. సుంకం లేకుండా వచ్చిన పరికరాలు కాబట్టి ఎవరి దగ్గర ఏ సీరియల్ నంబర్ ఉందో రిజిస్టర్ ఉండాలి. హైబ్రిడ్ పాలసీ ఉత్సాహంగా ప్రకటించి ఈ రిజిస్టర్ మరిచిపోతే ఆడిట్‌లో దొరికిపోతారు.

పని స్థలంలో మహిళలపై వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ఇల్లు కూడా పని స్థలం కిందకే వస్తుంది. వీడియో కాల్‌లో, చాట్‌లో జరిగినదానిపైనా అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. పాలసీలో ఆ లైన్ ఉంచండి.

#8 | భద్రకాళి_గట్టు

లా గారు చెప్పినదానికి ఒక చేర్పు. 50 మంది, ఆపైన ఉద్యోగులుంటే క్రెష్ (ఉద్యోగుల చిన్న పిల్లలను చూసుకునే చోటు) తప్పనిసరి. 2017 సవరణతో వచ్చిన నియమం ఇది. సొంతంగా కట్టక్కర్లేదు, పక్క కంపెనీలతో కలిసి నడపొచ్చు. తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి రావొచ్చు, ఆమె విరామ సమయం కూడా ఆ నాలుగులోనే లెక్క. 26 వారాల ప్రసూతి సెలవు తర్వాత పని స్వభావాన్ని బట్టి ఇద్దరి ఒప్పందంతో ఇంటి నుంచి పని ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. 60 మంది ఉన్నారంటున్నారు కాబట్టి క్రెష్ మీకు వర్తిస్తుంది. ఫ్లెక్సిబుల్ పాలసీ ఇచ్చి దాన్ని క్రెష్‌కు బదులుగా చూపించొద్దు.

తిరిగి వచ్చే తల్లికి మొదటి రెండు నెలలు ఆన్‌కాల్ వేయకండి. అలాగని అప్రైజల్‌లో "అందుబాటులో లేరు" అని రాయకండి.

#9 | నయీంనగర్_హెచ్ఆర్

గట్టు గారి చివరి మాటకు నూటికి నూరు. తర్వాతి బ్యాచ్‌లో మహిళలుంటే రాత్రి 9:30కు ఇంటి గుమ్మం దాకా క్యాబ్ ఉండాలి. రూట్‌లో చివర దిగేది మహిళ కాకూడదు. తప్పనిసరైతే సెక్యూరిటీ మనిషి వెంట ఉండాలి. హసన్‌పర్తి, ధర్మసాగర్ వైపు వెళ్లే రూట్లు ముందుగా వేసి చూడండి. ఊరి చివర దారుల్లో క్యాబ్ మెయిన్ రోడ్డు మీదే దింపేస్తామంటుంది, ఒప్పందంలోనే "గుమ్మం దాకా" అని రాయించండి. సులువైన మార్గం ఇంకోటి: ఆఫీసులో 5:30 వరకు ఉండి, ఇంటికి వెళ్లి, 6:30 కాల్ ఇంటి నుంచి. అయితే ప్రయాణానికి పట్టే ఆ గంటను విరామంగా రాయాలి, పని గంటల్లో కోయకూడదు.

అందరినీ అడిగి చేయండి. "ఆడవాళ్లు కదా" అని తర్వాతి బ్యాచ్ నుంచి తీసేస్తే క్లయింట్‌తో మాట్లాడే అవకాశం పోతుంది, తర్వాత ప్రమోషన్ కూడా.

#10 | హసన్‌పర్తి_వైరింగ్

కరెంటు, నెట్ గురించి అడిగారు కదా.

ఇంట్లో పని లోడు ముందు కూడండి. లాప్‌టాప్ 65 వాట్లు, నెట్ బాక్స్, రూటర్ కలిపి 15, ఎల్ఈడీ బల్బు 10, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30. మొత్తం 120 వాట్లు. పాత ఫ్యాన్ అయితే అదొక్కటే 75. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉంటాయి. ఇన్వర్టర్ నష్టం, పూర్తిగా ఖాళీ చేయకూడదన్న జాగ్రత్త తీసేస్తే 1100 చిల్లర వాడుకోవచ్చు. అంటే కొత్త బ్యాటరీకి తొమ్మిది గంటలు. మూడు నాలుగేళ్ల బ్యాటరీకి సగం అనుకోండి. మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి, ఎండాకాలంలో ఇంకా ముందే.

చాలామంది పొరపడేది ఇన్వర్టర్ వెనక ఉన్న చిన్న స్విచ్ దగ్గర. ఎకో మోడ్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి ఎక్కువ మిల్లీసెకన్లు పడుతుంది, ఫ్యాన్‌కు ఏమీ కాదు గానీ రూటర్ రీస్టార్ట్ అవుతుంది. అది లేచి, వీపీఎన్ మళ్లీ కలిసేసరికి నాలుగు నిమిషాలు. క్లయింట్ కాల్ మధ్యలో అదే పెద్ద నష్టం. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మీ వీధిలో వోల్టేజీ ఎప్పుడూ ఊగుతుంటే యూపీఎస్ మోడ్ మాటిమాటికీ బ్యాటరీ మీదకు వెళ్తుంది, అప్పుడు ఎకోలోనే ఉంచి నెట్ బాక్స్‌కు విడిగా మినీ యూపీఎస్ పెట్టండి. కొనేముందు అడాప్టర్ మీద 12 వోల్ట్, ఎన్ని ఆంపియర్లు ఉందో చూడండి. 1 ఆంపియర్ యూపీఎస్‌కు 2 ఆంపియర్ల రూటర్ తగిలిస్తే కరెంటు పోయిన క్షణమే అదీ పోతుంది.

నెట్ రెండు దారుల్లో రావాలి. రెండు ఫైబర్ కనెక్షన్లు ఒకే స్తంభం మీద నుంచి వస్తే అవి రెండు కావు. ఒకటి ఫైబర్, రెండోది వేరే కంపెనీ సిమ్ ఉన్న 5జీ లేదా 4జీ. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం వస్తే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా వీధి చివర నెట్ కంపెనీ బాక్స్‌కు బ్యాకప్ లేకపోతే ఫైబర్ ఆగుతుంది. మీ క్లయింట్ కాల్ వేళ, గాలిదుమారం వేళ ఒకటే.

ఇక కోతులు. మన దగ్గర ఫైబర్ తెగడానికి వాటి వాటా చాలానే. డాబా మీద నుంచి డాబా మీదకు వేలాడే తీగ పట్టుకుని ఊగుతాయి. తీగను గోడ వెంట పీవీసీ పైపులో దించమని లైన్‌మన్‌ను అడగండి. తీగ పూర్తిగా తెగితే బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. తెగకుండా వంగితే లైటు పచ్చగానే ఉండి నెట్ కాసేపు వస్తూ కాసేపు పోతూ ఉంటుంది. అప్పుడు రూటర్ పేజీలో ఆప్టికల్ పవర్ (తీగలో వచ్చే వెలుతురు బలం, డీబీఎంలో) చూడండి. మైనస్ 20 దగ్గర ఉంటే మంచిది, మైనస్ 27 దాటితే తీగనో కనెక్టర్‌నో మార్చాల్సిందే. ఫోన్‌లో "నెట్ స్లో" అనకుండా ఈ అంకె చెబితే పని త్వరగా అవుతుంది.

#11 | హంటర్‌రోడ్_డెలివరీ

అందరూ మంచి విషయాలు రాస్తున్నారు. నా సందేహం ఒకటి, సూటిగానే అడుగుతాను. కొత్తగా చేరిన పిల్లలు ఎట్లా నేర్చుకుంటారు? పక్కన సీనియర్ కూర్చుంటే స్క్రీన్ చూసి నేర్చేది చాలా ఉంటుంది. ఇంట్లో ఉన్న ఫ్రెషర్ మూడు గంటలు చిక్కుకుపోయి కూడా అడగడు. ఇంకోటి, హైబ్రిడ్‌తో పనితీరు తగ్గదని రుజువేంటి?

#12 | కరీంనగర్_కోడ్

డెలివరీ గారూ, ముందు రెండో ప్రశ్నకు జవాబు. ట్రిప్.కామ్ అనే చైనా ట్రావెల్ కంపెనీలో 1,612 మంది మీద ఆరు నెలలు ప్రయోగం చేశారు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి, మూడు రోజులు ఆఫీసు నుంచి. ఫలితం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. పనితీరు రేటింగుల్లో, ప్రమోషన్లలో తేడా లేదు, రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. మేనేజర్లు కానివాళ్లు, మహిళలు, దూరం నుంచి వచ్చేవాళ్లలో ఆ తగ్గుదల ఎక్కువ. ప్రయోగానికి ముందు మేనేజర్లు పని తగ్గుతుందనుకున్నారు, తర్వాత అభిప్రాయం మార్చుకున్నారు. ఇది వారానికి రెండు రోజుల హైబ్రిడ్ మీద రుజువు. పూర్తిగా ఇంటి నుంచి పనికి దీన్ని రుజువుగా చూపించకూడదు.

హై పర్ఫార్మెన్స్ సంస్థల్లో ఇవన్నీ కుదరవని కొందరంటారు, దానికి జవాబు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్. క్లయింట్ పిలిస్తే అర్ధరాత్రైనా పలకాలి అనే సంస్థ. అక్కడ వారానికి ఒక సాయంత్రం ప్రతి మనిషికీ ముందే రాసిపెట్టి, ఆ సాయంత్రం పని ముట్టుకోకూడదని పెట్టారు. 2009లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఒకరు లేనప్పుడు పని ఆగకూడదంటే మిగతావాళ్లకు ఆ పని తెలియాలి కదా, దానితో టీమ్‌లో మాట్లాడుకోవడం పెరిగింది, పని నాణ్యత కూడా బాగుపడింది. మీ టీమ్‌లో దేనితో మొదలుపెట్టాలని అడిగితే నేను దీనితోనే అంటాను. మనిషికి వారానికో సాయంత్రం, రోస్టర్‌లో పేరు రాసి.

ఫ్రెషర్ల విషయంలో మీరన్నది నిజం. మొదటి మూడు నెలలు వాళ్లను వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు పిలవండి, వాళ్ల సీనియర్ కూడా అందులో మూడు రోజులు అక్కడే ఉండాలి. ఫ్రెషర్ ఆఫీసులో, సీనియర్ ఇంట్లో ఉంటే ఏ లాభమూ లేదు. "30 నిమిషాలు చిక్కుకుంటే అడగాలి" అని నియమం పెట్టండి, అడిగేది టీమ్ చానెల్‌లో అడగాలి. విడిగా అడిగితే జవాబు ఒక్కరికే చేరుతుంది.

#13 | జమ్మికుంట_ప్యాసింజర్

ఆఫీసు రోజులు టీమ్ మొత్తానికి ఒకటే ఉండాలి. నీకు మంగళవారం, నాకు గురువారం అయితే అందరూ ప్రయాణం చేసి వచ్చి వీడియో కాల్‌లోనే మాట్లాడుకుంటారు. మీటింగ్‌లో ఒక్కరు ఇంటి నుంచి ఉన్నా మిగతావాళ్లు కూడా ఎవరి లాప్‌టాప్ నుంచి వాళ్లు కలవాలి, లేకపోతే గదిలో మాటలు అవతలి మనిషికి అందవు.

హెచ్ఆర్ గారి 8:00 బ్యాచ్‌తో ఒక చిక్కు. జనగామ, జమ్మికుంట, పెద్దపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి సీజన్ టికెట్ మీద వచ్చేవాళ్లుంటారు. బండి కాజీపేట అవుటర్‌లో ఇరవై నిమిషాలు ఆగిందంటే వాళ్ల చేతిలో ఏమీ లేదు. ఆఫీసు రోజు మొదలయ్యే టైమ్‌ను 7:30 నుంచి 9:30 మధ్య వదిలేయండి, ముగింపు దాన్ని బట్టి జరుగుతుంది. మీకు కావాల్సింది 1:30 నుంచి 4:30 కదా, అది ఎటూ దొరుకుతుంది.

#14 | నయీంనగర్_హెచ్ఆర్

ఒప్పుకుంటున్నాను ప్యాసింజర్ గారూ. ముందు బ్యాచ్‌కు 7:30 నుంచి 9:30 మధ్య ఎప్పుడైనా అని మార్చుకోండి. దాంతో పాటే పంచింగ్ లేటుకు జీతం కోసే సెట్టింగ్ కూడా తీసేయించండి. పాలసీ మారి సాఫ్ట్‌వేర్ మారకపోతే మొదటి నెల జీతంతోనే నమ్మకం పోతుంది.

#15 | పర్వతగిరి_క్యూఏ

సెలవుల సంగతి ఎవ్వరూ ఎత్తలే. హైదరాబాద్ టీమ్‌లల్ల నాలుగు రాష్ట్రాలోళ్లు ఉంటరు, ఒకరి పండుగకు ఇంకొకరు కూసుంటరు. మన దగ్గర టీమ్ మొత్తం ఇక్కడోళ్లే. సద్దుల బతుకమ్మ, దసరా వచ్చిందంటే అందరికీ అవే రోజులు కావాలె. మేడారం జాతర అయితే రెండేండ్లకోసారి నాలుగు రోజులు. మొన్న 2026ల జనవరి 28 నుంచి 31 దాకా పడ్డది. అమెరికా క్లయింట్‌కు అది మామూలు వారం. ములుగు రోడ్డు ఆగితే వచ్చేటోళ్లు కూడ ఎప్పుడొస్తరో చెప్పలేం.

ముందు అడిగినోనికి ముందు అని పెడితే ప్రతి ఏడు అదే మనుషులకు దొరుకుతది. కనీసం ఎంత మంది ఉండాల్నో ఫస్టు తేల్చండి, పన్నెండు మంది టీమ్‌ల నలుగురు అనుకుందాం. 60 రోజుల ముందు లిస్టు తియ్యండి. పోయిన పండుగకు కూసున్నోళ్లకు ఈసారి ముందు వరుస. చెన్నైలనో బెంగళూరులనో మీ కంపెనీ టీమ్ ఉంటే మార్పిడి పెట్టుకోండి. పొంగల్ చివరి రోజులు, ఓనం లాంటి మనకు లేని వాళ్ల పండుగలకు మనం కూసుందాం, బతుకమ్మకు, జాతరకు వాళ్లు కూసుంటరు.

ఇంకోటి వ్యవసాయం. టీమ్‌ల మస్తు మంది ఇండ్లల్ల భూమి ఉంటది. జులై, ఆగస్టుల నాట్లు, అక్టోబరు, నవంబరుల కోత, యాసంగి కోత మళ్ల ఏప్రిల్, మేల. వడ్లు కొనుగోలు సెంటర్‌కు తీస్కపోతే తేమ 17 శాతం లోపల ఉండాలె, కాంటా ఎప్పుడు పెడ్తరో చెప్పరు, మొగులైతే టార్పాలిన్ కప్పనీకి ఉరకాలె. దీనికి పూర్తి రోజు సెలవు అక్కరలేదు, రెండు గంటలు చాలు. కానీ సిస్టంల సగం రోజుకు తక్కువ సెలవే ఉండదు. సెలవును గంటల్ల ఇయ్యండి. 8 గంటలు అయితే ఒక రోజు కొట్టెయ్యండి. ఇది లేకనే మంది "తలనొప్పి" అని రాసి పోతరు, ఆఖరుకు ఎవరు ఎప్పుడు ఉంటరో లీడ్‌కు తెల్వకుండ పోతది.

#16 | హంటర్‌రోడ్_డెలివరీ

గంటల సెలవు అనేది బాగుంది, మా దగ్గర కూడా అడుగుతాను. కొలత ఎట్లా మరి? ఇంట్లో ఉన్నవాళ్లు పని చేస్తున్నారో లేదో తెలియాలి కదా.

#17 | కాజీపేట_ఆన్‌కాల్

పచ్చ చుక్క వెలుగుతున్నదా, మౌస్ కదులుతున్నదా అని చూసుడు మొదలుపెడితే మంచోళ్లు మొదలు పోతరు సార్. వాళ్లకు బయట వేరే ఉద్యోగం దొరుకుతది. టీమ్ లెక్క చూడండి: టికెట్ తెరిచిన కాడి నుంచి మూసేదాక ఎన్ని రోజులు, మూసినయి ఎన్ని మళ్ల తెరుచుకున్నయి, రివ్యూ కోసం కోడ్ ఎన్ని గంటలు ఎదురుచూస్తున్నది, క్లయింట్ కాడ బయటపడ్డ బగ్‌లు ఎన్ని. రెండు బ్యాచ్‌లు పెట్టినంక మొదలు చెడేది రివ్యూ ఎదురుచూపే. ముందు బ్యాచ్ 4:45కు పంపితే తెల్లారి దాక పడుంటది. అది పెరిగిందంటే మనుషులు బద్ధకస్తులని కాదు, ప్రతి బ్యాచ్‌ల ఆ మాడ్యూల్ తెలిసినోళ్లు ఇద్దరు లేరని అర్థం. కోడ్ తమ్ముడు చెప్పిన షీట్ మళ్ల తియ్యాలె.

దీనితోని పాటు ఇంకో అంకె పెట్టండి: రాత్రి 9:30 తర్వాత పోయిన మెసేజ్‌లు ఎన్ని, పంపినోళ్లు ఎవరు. ఎక్కువసార్లు పంపేది మేనేజర్లే ఉంటరు. మెసేజ్‌ను పొద్దటికి షెడ్యూల్ చేసే బటన్ చాలా ఆఫీస్ చాట్ యాప్‌లల్ల ఉన్నది, అది వాడుమనండి. నిజంగ అర్జెంటు అయితే ఆన్‌కాల్ నంబర్‌కు ఫోన్ చెయ్యాలె.

#18 | సుబేదారి_లా

ఎక్కువ గంటల గురించి మేనేజ్‌మెంట్‌కు చూపించాల్సి వస్తే: వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. మీరు మొదటి పోస్టులో రాసిన వేళలను ఐదు రోజులకు కూడి చూడండి.

#19 | మడికొండ_లీడ్

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. ఇంత వివరంగ వస్తదనుకోలె. 12 మంది టీమ్‌తో ఎనిమిది వారాల ట్రయల్ అడుగుతున్న. రెండు బ్యాచ్‌లు, ముందు బ్యాచ్‌కు 7:30 నుంచి 9:30 మధ్య ఎప్పుడైనా మొదలు, 1:30 నుంచి 4:30 అందరూ. మంగళ, బుధ, గురు ఆఫీసు. మనిషికి వారానికో సాయంత్రం పూర్తిగ ఖాళీ. ఆన్‌కాల్ పక్క టీమ్‌తో కలిపి ఎనిమిది మంది, మార్పు బుధవారం మధ్యాహ్నం. గంటల సెలవు. నెట్‌కు రెండో సిమ్ ఖర్చు కంపెనీది. క్రెష్ గురించి పక్క రెండు కంపెనీలతో మాట్లాడుమని హెచ్ఆర్‌కు చెప్పిన.

ఎప్పుడు మొదలుపెడితే మంచిది?

#20 | నయీంనగర్_హెచ్ఆర్

అమెరికా గడియారం మారే వారంలో వద్దు, దసరా ముందు వద్దు, అప్రైజల్ నెలలో అసలే వద్దు. రిలీజ్ అయిపోయిన మరుసటి వారం బుధవారం మొదలుపెట్టండి. అంతకు ముందు నాలుగు వారాల అంకెలు ఇప్పుడే తీసి పెట్టుకోండి: రివ్యూ ఎదురుచూపు, మళ్లీ తెరిచిన టికెట్లు, 9:30 తర్వాతి మెసేజ్‌లు. అవి లేకపోతే ఎనిమిది వారాల తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు. రెండో వారంలో అంకెలు కొంచెం దిగుతాయి, రెండో మనిషి నేర్చుకుంటున్న కాలం అది. ఆ సంగతి డైరెక్టర్‌కు మొదలుపెట్టక ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

#21 | సుబేదారి_లా

లాప్‌టాప్ రిజిస్టర్ కూడా ఆ బుధవారం లోపే.